స్కూల్ ఇంటర్వ్యూ అయింది. థాంక్యూ మెయిల్ నేను రాయాలా, పాప రాయాలా?

గోరింట | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. మా అమ్మాయికి 14 ఏళ్లు. హాస్టల్ ఉన్న ఒక స్కూల్లో తొమ్మిదో తరగతికి అప్లై చేశాం. ఈరోజు పొద్దున ఇంటర్వ్యూ. ముందు పాపతో అరగంట మాట్లాడారు, తర్వాత మా ఇద్దరితో ఒక పావుగంట. అయ్యాక అక్కడ చదివే ఒక పెద్దమ్మాయి స్కూలంతా తిప్పి చూపించింది.

హాయిగా ఇంటికొచ్చాం. సాయంత్రం మా తోటికోడలు ఫోన్ చేసి, "థాంక్యూ మెయిల్ పెట్టారా? పెట్టకపోతే మీకు ఇంట్రెస్ట్ లేదనుకుంటారు" అంది. అప్పట్నుంచి ఒకటే టెన్షన్.

అసలు పెట్టాలా? పెడితే నేనా, పాపా? ఇంటర్వ్యూ చేసినవాళ్లు ఇద్దరు, ఒక మేడమ్, ఒక సర్. మా దగ్గర మేడమ్ మెయిల్ ఐడీయే ఉంది. తిప్పి చూపించిన అమ్మాయికి కూడా చెప్పాలా? ఇంకోటి, ఒక ప్రశ్నకి పాప సరిగ్గా జవాబు చెప్పలేకపోయింది. మెయిల్లో దాన్ని సరిచేసుకోవచ్చా?

ఈలోపు నేను రాసుకున్నది ఇది. చూసి చెప్పండి.

"గౌరవనీయులైన అడ్మిషన్స్ కమిటీ వారికి, మీ ప్రతిష్ఠాత్మక విద్యాసంస్థలో ఇంటర్వ్యూకు హాజరయ్యే సువర్ణావకాశం కల్పించినందుకు హృదయపూర్వక కృతజ్ఞతలు. మా అమ్మాయి చిన్ననాటి నుంచి చదువులోనూ ఆటపాటల్లోనూ ముందుంటుంది. క్రమశిక్షణ, కష్టపడే తత్వం ఆమె సొంతం. మీరు సానుకూలంగా పరిశీలించగలరని ఆశిస్తూ..."

సిరాబుడ్డి | శనివారం రాత్రి 9:25

ఇది థాంక్యూ నోట్ కాదండీ, అర్జీ. కింద సంతకం పెట్టి రెవెన్యూ స్టాంపు ఒకటి అంటించడమే తక్కువ.

గోరింట | శనివారం రాత్రి 9:27

నవ్వొచ్చింది కానీ ఏడుపు కూడా వస్తోంది. గంటసేపు కూర్చుని రాశాను అది!

పాతబెంచీ | శనివారం రాత్రి 9:58

గోరింట గారూ, కంగారు పడకండి. నేను ఆరేళ్లు ఒక స్కూల్లో అడ్మిషన్ ఇంటర్వ్యూలు చేసినవాళ్లలో ఒకణ్ణి. బల్లకి అవతలివైపు ఏం జరుగుతుందో చెప్తాను, మీకే నిద్ర పడుతుంది.

ఒక పిల్ల బయటికి వెళ్లాక, తర్వాతి పిల్లాడు లోపలికి రావడానికి మధ్య మాకు ఉండేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లోనే కాగితం నింపేస్తాం. పిల్ల ఏం చెప్పింది, ఏం అడిగింది, మా స్కూల్లో ఇముడుతుందా లేదా, అన్నీ అక్కడే రాసి సంతకం పెట్టేస్తాం. సాయంత్రానికి అవన్నీ ఆఫీసుకి చేరతాయి. అంటే మీ తోటికోడలు గారు ఫోన్ చేసే సమయానికి మీ పాప కాగితం మీద సిరా ఆరిపోయి ఉంటుంది. ఆ తర్వాత మీరు ఎంత అందంగా రాసినా అది మారదు.

థాంక్యూ నోట్ చూసి సీటు ఇచ్చిన సందర్భం ఆ ఆరేళ్లలో నాకు ఒక్కటీ గుర్తులేదు. అది రాలేదని సీటు ఆపిన సందర్భమూ లేదు. మాలో ఎవరూ "ఫలానావాళ్లు మెయిల్ పెట్టలేదే" అని లెక్కపెట్టుకుంటూ కూర్చోలేదు.

రెండోఆట | శనివారం రాత్రి 10:06

అయితే ఇంకెందుకు రాయడం? ఎలాగూ లెక్కలోకి రానప్పుడు టైమ్ వేస్ట్. మా వాడికి మూడు స్కూళ్లలో ఇంటర్వ్యూలయ్యాయి. ఒక్కదానికీ రాయలేదు. రెండింట్లో సీటొచ్చింది.

పాతబెంచీ | శనివారం రాత్రి 10:19

రాయకపోయినా ఏం కాదన్నాను సర్, రాయొద్దనలేదు. ఇంట్లో ఎవరైనా దాహం వేస్తే మంచినీళ్లు తెచ్చిస్తారు. థాంక్స్ చెప్పకపోతే రేపట్నుంచి ఇవ్వడం మానేస్తారా? చెప్తే మాత్రం ఒక క్షణం మొహం వెలుగుతుంది. అంతవరకే దాని పని.

ఇంకో మాట. రోజుకి పదిమంది పిల్లలతో మాట్లాడి గొంతు పోయిన రోజున, "మీరు చెప్పిన ఫలానా సంగతి ఇంటికెళ్లి చూశాను" అని ఓ పిల్ల రెండు వాక్యాలు రాస్తే, ఆ మెయిల్ నేను మా ఆవిడకి కూడా చదివి వినిపించేవాణ్ణి. అది ఫైల్లోకి వెళ్లిందా లేదా అన్నది వేరే సంగతి.

మందులచీటీ | శనివారం రాత్రి 10:31

మీరంతా ఒక సంగతి మర్చిపోతున్నారు. స్కూలువాళ్లు పంపిన ఉత్తరంలో ఏముందో ముందు చూడండి. కొన్నిచోట్ల వద్దనే చెప్తారు.

మా చెల్లి అమెరికాలో డాక్టర్ల రెసిడెన్సీకి, అంటే డాక్టర్ చదువయ్యాక హాస్పిటల్లో చేసే ట్రైనింగ్‌కి, ఇంటర్వ్యూలు ఇచ్చింది. అక్కడ అభ్యర్థులూ హాస్పిటళ్లూ ఒకరికొకరు ఇచ్చుకున్న ర్యాంకులు చూసి సీట్లు కేటాయించేది నేషనల్ రెసిడెంట్ మ్యాచింగ్ ప్రోగ్రామ్ అనే సంస్థ. ఇంటర్వ్యూ తర్వాత మెయిళ్లు పంపమని హాస్పిటళ్లు అభ్యర్థుల్ని అడగకూడదు, ర్యాంకుల మీద ప్రభావం పడేలా అటూ ఇటూ తియ్యటి కబుర్లు నడవకూడదు అని వాళ్ల నియమావళి. మా చెల్లికి వచ్చిన సమాచారంలో "థాంక్యూ నోట్లు అక్కర్లేదు" అని రెండుమూడు చోట్ల స్పష్టంగా ఉంది. అలాంటిచోట పంపితే మర్యాద చేసినట్టు కాదు, చెప్పింది చదవలేదని మనమే ఒప్పుకున్నట్టు.

బస్‌పాస్ | శనివారం రాత్రి 10:44

దీనికి పూర్తిగా తిరగేసిన కథ ఎంబీఏ వాళ్లది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ కొన్నేళ్లపాటు ఇంటర్వ్యూ అయిన 24 గంటల్లోపు ఇంటర్వ్యూ గురించే ఒక రాత పంపమని తప్పనిసరి చేసింది. అది థాంక్యూ నోట్ కాదు, అప్లికేషన్‌లో భాగం. పంపకపోతే అప్లికేషన్ సగంలో ఉన్నట్టే. మా సీనియర్ ఒకాయన ఆ గడువు భయంతో ఎయిర్‌పోర్ట్‌లో నేలమీద కూర్చుని రాశాడు.

ఒకచోట వద్దంటారు, ఒకచోట రాసి తీరాలంటారు. కాబట్టి మందులచీటీ గారి మాటే నాదీ, ముందు ఉత్తరం తియ్యండి.

గోరింట | శనివారం రాత్రి 11:02

తీశాను. చివర్లో ఒక వాక్యం ఉంది: "ఇంటర్వ్యూ తర్వాత అదనపు పత్రాలు, సిఫారసు లేఖలు స్వీకరించబడవు." ఇప్పుడు థాంక్యూ మెయిల్ కూడా ఇందులోకే వస్తుందా? అయిపోయింది, ఇంకో టెన్షన్.

పాతబెంచీ | శనివారం రాత్రి 11:10

రాదండి. వాళ్లు వద్దంటున్నది డ్యాన్స్ సర్టిఫికెట్లు, కొత్త మార్కుల కాగితాలు, ఎవరో పెద్దమనిషి రాసిచ్చిన ఉత్తరం. ఒట్టి కృతజ్ఞతకి తలుపు తెరిచే ఉంటుంది. మెయిల్‌కి ఏదీ జతచేయకండి, అంతే. మీ డ్రాఫ్ట్‌లో "చదువులోనూ ఆటపాటల్లోనూ ముందుంటుంది" నుంచి కిందంతా మాత్రం అదనపు పత్రం కిందికే వస్తుంది, ఏమీ అనుకోకండి.

పంపే కానుకలు కూడా వద్దు. ఒకసారి ఒకళ్లు పెద్ద బుట్ట పంపారు. దాన్ని వెనక్కి పంపడానికి ఆఫీసులో ఇద్దరు సగం రోజు తిరిగారు.

తప్పులతడక | ఆదివారం ఉదయం 6:50

పొద్దున్నే చదివాను. నా పరువు తీసుకుంటూ ఒక సంగతి చెప్తాను, మీకైనా పనికొస్తుంది.

మా అబ్బాయి ఇంటర్వ్యూలప్పుడు ఒకే వారంలో రెండు స్కూళ్లకి వెళ్లాం. మొదటిదానికి రాసిన మెయిల్‌నే కాపీ చేసి, పేర్లు మార్చి రెండోదానికి పంపాను. పైన పేరు మార్చాను. కింద, "మీ స్కూల్లో చేరాలన్నది మా అబ్బాయి కల" అనే చోట మొదటి స్కూలు పేరు అలాగే ఉండిపోయింది. పంపిన నిమిషానికి చూసుకున్నాను. జీమెయిల్లో పంపింది వెనక్కి లాక్కునే గడువు సెట్టింగ్స్‌లో ఎంత పెంచుకున్నా 30 సెకన్లే. నాది ఐదు సెకన్ల దగ్గరే ఉంది.

ఆ రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే "పొరపాటున వేరే పేరు పడింది, క్షమించండి" అని ఒకే ఒక్క లైను పంపాను. అది చూసి మా ఆవిడ, "మొదటిది వాళ్లు చదివి ఉండరు, ఇప్పుడు వెతుక్కుని మరీ చదువుతారు" అంది. ఆ సీటు రాలేదు. దానివల్లేనా అంటే చెప్పలేను, వాడు లెక్కల పేపర్ కూడా సరిగ్గా రాయలేదు.

పాత మెయిల్ కాపీ కొట్టొద్దు. ఖాళీ పేజీ మీద మొదలుపెట్టండి. మెయిల్ ఐడీ అన్నింటికంటే చివర్లో నింపండి, చెయ్యి జారినా వెళ్లదు.

సిరాబుడ్డి | ఆదివారం ఉదయం 7:30

మెయిల్ వద్దు, చేత్తో రాసి పోస్ట్ చెయ్యమనండి. చేతిరాతకి ఉన్న విలువే వేరు.

రెండోఆట | ఆదివారం ఉదయం 7:41

అది చేరేలోపు రిజల్ట్ వస్తుంది సార్.

పాతబెంచీ | ఆదివారం ఉదయం 8:15

చేతిరాత నాకూ ఇష్టమే, కానీ రెండోఆట గారు చెప్పిందీ నిజమే. ఒకటి రెండు రోజుల్లో చేరాలంటే మెయిలే నయం. అలాగని అర్ధరాత్రి ఒంటిగంటకి పంపకండి. రాత్రి రాసినా పొద్దున వెళ్లేలా టైమ్ పెట్టుకోవచ్చు.

ఇక ఎవరు రాయాలి అన్నది. మీ పాపకి 14 ఏళ్లు. పాపే రాయాలి. మీతో కూడా మాట్లాడారు కాబట్టి మీరు కావాలంటే విడిగా రెండు లైన్లు రాసుకోండి, కానీ పాప పేరుతో మీరు రాయొద్దు. అది ఇట్టే తెలిసిపోతుంది. ఒకసారి ఒక పిల్లాడు వచ్చాడు, బిడియస్తుడు, అడిగినదానికి అవును, కాదు, ఊఁ, అంతే. కానీ ఆ ఊఁ లోనే మంచి ఆలోచన ఉంది, నాకు నచ్చాడు. మర్నాడు వాడి పేరు మీద మెయిల్ వచ్చింది. అందులో "సర్వతోముఖాభివృద్ధి" ఉంది, "దార్శనికత" ఉంది. అది చదివి పక్కనున్న మేడమ్ నవ్వారు. నాకు మాత్రం పాపం అనిపించింది. వాడి గొంతుని వాడి ఇంట్లోనే ఎవరో మూసేశారు. ఇప్పుడైతే ఏఐతో రాయించి పంపేవాళ్లు ఎక్కువయ్యారట. అదీ ఇదే తీరు.

రెండో ఆయన మెయిల్ ఐడీ కోసం వేట వద్దు. ఉన్న ఒక్క మెయిల్లోనే "సర్‌కి కూడా చెప్పండి" అంటే చాలు. స్కూలు చూపించిన అమ్మాయిని మాత్రం మర్చిపోకండి. ఆ పిల్లలు సెలవురోజు పొద్దున్నే లేచి వస్తారు, వాళ్లకి థాంక్స్ చెప్పాలన్న ధ్యాస ఎవరికీ ఉండదు.

మరి ఆ చెప్పలేకపోయిన జవాబు ఏంటి? అది తెలియకుండా సరిచేయొచ్చో లేదో చెప్పలేను.

గోరింట | ఆదివారం మధ్యాహ్నం 12:20

అదా... చెప్తే నవ్వుతారేమో. మా పాపకి పాడైన వస్తువులు విప్పడం పిచ్చి. ఇంటర్వ్యూలో ఆ మాట వచ్చింది. మా హాల్లో గోడగడియారం ఉంది, సెకన్ల ముల్లు 9 దగ్గరికొచ్చి అక్కడే కొట్టుకుంటూ ఉంటుంది, ముందుకెళ్లదు. దాన్ని విప్పి చూశానని చెప్పిందట. మేడమ్ ఎందుకు ఆగుతోందని అడిగితే "దుమ్ము" అంది. "దుమ్మయితే ఎక్కడైనా ఆగాలి కదా, ప్రతిసారీ 9 దగ్గరే ఎందుకు?" అని ఆవిడ అడిగారు. ఇది నోరు తెరవలేదు. కారులో వచ్చేటప్పుడు కూడా మాట్లాడలేదు.

గడియకోసారి | ఆదివారం మధ్యాహ్నం 12:34

ఆహా, నా సబ్జెక్ట్ వచ్చింది! చాలా మంచి ప్రశ్న అడిగారు ఆ మేడమ్. క్వార్ట్జ్ గడియారంలో చిన్న స్ఫటికం సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. సర్క్యూట్ దాన్ని సగానికి సగం చేసుకుంటూ పోయి చివరికి సెకనుకి ఒక్క తోపు...

పాతబెంచీ | ఆదివారం మధ్యాహ్నం 12:36

గడియకోసారి గారూ, దయచేసి ఆగండి! ఆ పిల్ల ఇంకా జవాబు వెతుక్కుంటోందేమో.

గడియకోసారి | ఆదివారం మధ్యాహ్నం 12:37

నిజమే. నోరు మూసుకున్నాను. (చాలా కష్టంగా ఉంది.)

గోరింట | ఆదివారం సాయంత్రం 4:05

వెతుక్కోవడం కాదండీ, నిన్న సాయంత్రం నుంచి అదే పని. మేము పాత బ్యాటరీ తీసేసి కొత్తది వేస్తే పోతుందంటే ఒప్పుకోలేదు, "ఆగిపోయే బ్యాటరీయే కావాలి" అంది. గడియారాన్ని మంచం మీద వెల్లకిలా పడుకోబెడితే ముల్లు చక్కగా తిరిగింది. గోడకి పెడితే మళ్లీ 9 దగ్గర ఆగింది. తర్వాత తలకిందులుగా, 12 కిందికి వచ్చేలా పట్టుకుంది. ఈసారి 3 దగ్గర ఆగింది! ఇల్లంతా అరుపులు. ముల్లు పైకెక్కాల్సిన వైపు ఆగుతోంది, అడ్డంగా ఉన్నప్పుడు ఎత్తడం అన్నింటికంటే కష్టం, బ్యాటరీకి అంత బలం లేదు, ఇదీ దాని జవాబు.

ఇప్పుడు ఇది మెయిల్లో రాయొచ్చా? తప్పు చెప్పానని మనమే గుర్తుచేసినట్టు అవుతుందని మావారి భయం.

రెండోఆట | ఆదివారం సాయంత్రం 4:18

మీవారి మాటే కరెక్ట్. తప్పుని మళ్లీ ఎత్తడం ఎందుకు? థాంక్స్ చెప్పి ఊరుకోండి.

మందులచీటీ | ఆదివారం సాయంత్రం 4:30

నేను ఒప్పుకోను. "ఆ ప్రశ్నకి టెన్షన్‌లో సరిగ్గా చెప్పలేదు, అసలు జవాబు ఇది" అని రాస్తే మార్కులు అడుక్కున్నట్టు ఉంటుంది. అది వద్దు. కానీ "మీరు అడిగారు కదా, ఇంటికెళ్లి చూశాను" అంటే ఆ రోజు సగంలో ఆగిన కబురు ముందుకు సాగినట్టు. రెండూ వేరు.

పాతబెంచీ | ఆదివారం సాయంత్రం 4:52

మందులచీటీ గారు నా నోటి మాట లాగేశారు. గోరింట గారూ, రాయించండి. కాదు కాదు, రాయనివ్వండి. పొడవు మాత్రం ఫోన్ తెరమీద వేలితో జరపకుండా పట్టేంత. పంపేముందు మేడమ్ పేరు స్పెల్లింగ్ ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి, ఉత్తరంలో ఎలా ఉంటే అలాగే. మిగతా స్పెల్లింగులు మీరు చూడండి, వాక్యాలు ముట్టుకోకండి.

గోరింట | ఆదివారం రాత్రి 8:40

రాసింది. ఇంగ్లిష్‌లో రాసింది కానీ తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంది:

"నమస్తే మేడమ్. శనివారం నాతో మాట్లాడినందుకు థాంక్స్. గడియారం ముల్లు ఎప్పుడూ 9 దగ్గరే ఎందుకు ఆగుతుందని మీరు అడిగారు. నేను దుమ్ము అన్నాను. ఇంటికొచ్చి గడియారాన్ని తలకిందులు చేసి చూశాను. అప్పుడు 3 దగ్గర ఆగింది. కాబట్టి దుమ్ము కాదు. ముల్లుని పైకి ఎత్తడానికి పాత బ్యాటరీకి బలం చాలట్లేదు. సర్‌కి నా థాంక్స్ చెప్పండి. లైబ్రరీ చూపించిన అక్కకి కూడా. తను పైమెట్టు మీద కూర్చుంటే చెరువు కనిపిస్తుందని చెప్పింది, నిజంగానే కనిపించింది."

చివర్లో "మీ స్కూల్లో చేరాలని చాలా ఆశగా ఉంది" అని కలపమన్నాను. "అది వాళ్లకి తెలుసు కదమ్మా, అందుకేగా వెళ్లాం" అంది. ఏం చెయ్యను?

సిరాబుడ్డి | ఆదివారం రాత్రి 8:49

ఏమీ చెయ్యకండి. నా రెవెన్యూ స్టాంపు వెనక్కి తీసుకుంటున్నాను.

బస్‌పాస్ | ఆదివారం రాత్రి 8:55

చెరువు వాక్యం సూపర్. మెట్టు ఎక్కి కూర్చున్న పిల్ల తప్ప ఇంకెవరూ రాయలేరు అది.

రెండోఆట | ఆదివారం రాత్రి 9:03

సరే, ఒప్పుకుంటున్నా. బాగుంది. మా వాడి చేత రాయించి ఉంటే "థాంక్స్, బై" అని వచ్చేది.

తప్పులతడక | ఆదివారం రాత్రి 9:10

స్కూలు పేరు చూసుకున్నారా?

గోరింట | ఆదివారం రాత్రి 9:14

మెయిల్లో స్కూలు పేరే లేదండీ! మీ పుణ్యమా అని ఆ భయం తీరింది. రేపు పొద్దున 8:30కి వెళ్లేలా పెట్టాం. మా తరఫున నేను కూడా విడిగా రెండే లైన్లు రాశాను. సువర్ణావకాశం లేకుండా.

పాతబెంచీ | ఆదివారం రాత్రి 9:20

ఇక మర్చిపోండి. జవాబు వచ్చిందా అని గంటగంటకీ తెరిచి చూడకండి, చాలాచోట్ల జవాబివ్వరు. కొన్నిచోట్ల ఇవ్వకూడదనే పద్ధతి ఉంటుంది. రాకపోతే దానికి అర్థం వెతక్కండి. చేరిందా లేదా అని ఇంకో మెయిల్ అసలు పెట్టకండి.

గోరింట | గురువారం సాయంత్రం 6:35

రిజల్ట్ ఇంకా రాలేదు, వచ్చే నెల అన్నారు. కానీ మేడమ్ దగ్గర్నుంచి జవాబు వచ్చింది. సీటు గురించి ఒక్క ముక్క లేదు. మొత్తం మెయిల్ ఇంతే:

"తలకిందులు చేసి చూడాలన్న ఆలోచన నాకు నచ్చింది. అక్కకి చెప్పాను. సరే, ఆ సెకన్ల ముల్లుకి ఇరుసు దాటి వెనకవైపు ఒక పొట్టి తోక ఉంటుంది, చూశావా? అది ఎందుకు పెట్టారంటావు?"

గడియకోసారి | గురువారం సాయంత్రం 6:41

నేను చెప్పనా? చెప్పనా?

గోరింట | గురువారం సాయంత్రం 6:44

వద్దు! స్క్రూడ్రైవర్ కోసం వెతుకుతోంది.